ఫోటోలో మనిషికి పేరుండాలి

మన మనుషుల కంటే మన మనుషుల ఫోటోలే ఎక్కువ దూరం తిరిగాయి. అరకు సంతలో అల్లం అమ్ముకునే అవ్వ విశాఖపట్నం చూసి ఉండకపోవచ్చు. ఆమె ముఖం మాత్రం హోటల్ గోడ మీద, క్యాలెండర్ పేజీలో, పర్యాటక ప్రకటనలో, ముక్కూ ముఖం తెలియని వేలమంది ఫోన్లలో ఉంటుంది. ముక్కుకు మూడు పోగులు, చేతుల మీద పచ్చబొట్లు, నోట్లో అడ్డపొగ చుట్ట, ముఖం నిండా ముడతలు. కింద రెండే మాటలు: ‘గిరిజన మహిళ’. తీసినవారి పేరు ఒక మూలన ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు.

మనిషి తన పనిలో తానుండగా, చెప్పకుండా, నిలబెట్టకుండా తీసే ఇలాంటి ఫోటోను క్యాండిడ్ ఫోటో అంటున్నారు. సామాన్యుల నిత్యజీవితాన్ని ఇలా తీయడం, పదిమందికి పంచడం, దాని మీద మాట్లాడుకోవడం ఇప్పుడు చాలామందికి అభిరుచి. మన యువకులూ ఇందులోకి వచ్చారు. కాబట్టి ఈ పద్ధతిని మన వైపు నుంచి ఒకసారి విమర్శకు పెట్టాలని మేము అనుకుంటున్నాం.

చెప్పకుండా తీసిన ప్రతి ఫోటో తప్పని మేము అనడం లేదు. నిలబెట్టి తీసిన ఫోటోల్లోనే అబద్ధం ఎక్కువ. చేతికి విల్లు ఇచ్చి, తలకు ఈకలు కట్టి, రోజూ కట్టుకునే చీర మార్పించి తీసిన బొమ్మలు మనం చాలా చూశాం. వాటికంటే, జీలుగు కల్లు దింపుతున్న మనిషినీ, పసుపు ఉడకబెడుతున్న ఇల్లాలినీ, రేషన్ వరుసలో నిలబడ్డ ముసలాయననూ ఉన్నది ఉన్నట్టు చూపే ఫోటో నిజానికి దగ్గరగా ఉంటుంది. మేము వేసే ప్రశ్న వేరు. ఆ ఫోటో చూసినవారు అందులోని మనిషి గురించి ఏం మాట్లాడుకోగలుగుతున్నారు? ఫోటో మంచిచెడ్డలు వెలుగునీడలతో తేలవని, ఈ ప్రశ్నతో తేలుతాయని మా అభిప్రాయం. పేరు, ఊరు, పని తెలిసిన ఫోటో మీద ఒక రకం మాట పుడుతుంది. అవేవీ లేని ఫోటో మీద జాలి, మెచ్చుకోలు, వెక్కిరింత తప్ప మరో మాట పుట్టదు.

కొలిచిన చూపు

పేరు లేకుండా మనల్ని ఫోటో తీయడం ఈనాటి పర్యాటకులతో మొదలవలేదు. 1857 తిరుగుబాటు తర్వాత తాము ఏలుతున్న జనం ఎవరో పూర్తిగా తెలుసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం తహతహలాడింది. ఆ తహతహలో నుంచి వచ్చిందే ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకం. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకులుగా 1868 నుంచి 1875 వరకు 8 సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో నాలుగు వందలకు పైగా ఫోటోలున్నాయి. చాలా ఫోటోల కింద ఉండేది ఒక కులం పేరో, ఒక తెగ పేరో. ఆ మనిషి తన తెగకు ఒక నమూనా మాత్రమే.

మన ప్రాంతానికి వస్తే, మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు 1909లో తెచ్చాడు. చెంచులు, కోయలు, సవరలు, కొండదొరలు అందరూ అందులో ఉన్నారు. తల ఎంత వెడల్పు, ముక్కు ఎంత పొడవు అని ఆయన కొలతలు తీసేవాడు. ఆ పుస్తకం ముందుమాటలో ఆయనే ఒక సంగతి చెప్పాడు. వయనాడులో తనను చూసి పణియ స్త్రీలు పారిపోయారట. తమలో బాగున్నవాళ్లను ఎంచి, చర్మంలో గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. ఆయన దీన్ని నవ్వుకోవడానికి చెప్పినట్టుంటుంది. కానీ ఆ స్త్రీల అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. శరీరాలను తీసుకుపోలేదు గానీ, ముఖాలను తీసుకుపోయి పుస్తకాల్లో నిలబెట్టారు. ఫోటో అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే వాళ్లకు అర్థమైంది.

క్రిస్టఫ్ వాన్ హైమెన్‌డార్ఫ్ సంగతి వేరు. ఆయన 1940లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి ముందు చెంచులతో, తర్వాత కొండరెడ్లతో, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండులతో ఉన్నాడు. మార్లవాయిలో ఇల్లు వేసుకున్నాడు. గోండి నేర్చుకున్నాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయన పనిలో సగం మోసింది. ఆమె సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది. ఆయన ఫోటోల్లో నాగలి దున్నేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, దేవర పండుగలో డోలు కొట్టేవాళ్లు తమ పనిలో తామున్నట్టు కనిపిస్తారు. నెలల తరబడి పక్కనే ఉన్న మనిషి చేతిలోని కెమెరాను ఊరు మరచిపోయింది. ఏ ఊరు, ఏ వంశం, ఏ పండుగ అనే వివరం ఆయన రాతల్లో ఉంది. గోండుల భూమి ఎలా పోయిందో కూడా ఆయనే ప్రభుత్వానికి నివేదికలు రాశాడు.

అయినా ఆయనను తలకెత్తుకోవాల్సిన పని లేదు. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవాలన్న నిజాం ప్రభుత్వ అవసరం ఆయన పని వెనుక ఉంది. ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయస్ సంస్థ భాండాగారంలో ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే మనం ఇంగ్లీషులో వెతుక్కోవాలి. అయితే థర్‌స్టన్‌కూ హైమెన్‌డార్ఫ్‌కూ ఉన్న తేడా మనకు ఒక పాఠం నేర్పుతుంది. ఇద్దరూ బయటివారే. ఒకరు కొలిచి వెళ్లిపోయారు, ఇంకొకరు ఉండి తెలుసుకున్నారు. ఫోటోలో తేడా ఆ ఉండటంలో నుంచి వచ్చింది.

సంతలో కెమెరా

ఇప్పుడు వంజంగి మేఘాల కోసం, లంబసింగి చలి కోసం వచ్చే బండ్లు దారిలో సంత కనిపిస్తే ఆగుతాయి. మేఘాల తర్వాత మనమే చూడదగ్గ దృశ్యం. ఒడిశాలో, మన సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న ఒనకుడెల్లి గురువారం సంత బోండా స్త్రీల ఫోటోల వల్లే దేశాలు దాటి పేరు తెచ్చుకుంది. వాళ్లు కొండ దిగి వచ్చేది సరుకు అమ్ముకోవడానికి, ఉప్పూ ఎండుచేపా కొనుక్కోవడానికి. ఎదుటివాళ్లు వచ్చేది వాళ్లను చూడటానికి. ఈ చూపు ఎంత దూరం పోతుందో అండమాన్‌లో బయటపడింది. జారవా స్త్రీలకు తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆ దీవుల ఆదిమ తెగల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలు పెంచారు. అంటే కెమెరాను అదుపు చేయడానికి చట్టం చేయాల్సి వచ్చింది.

సంతలో తీసిన ఫోటో పంచినప్పుడు కింద వచ్చే మాటలను ఒకసారి గమనించండి. ‘ఎంత అమాయకత్వం’, ‘కల్మషం లేని నవ్వు’, ‘పేదరికంలోనూ ఆనందం’. రాసినవారికి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఈ మాటల పని ఏమిటో చూడాలి. సంతలో కూర్చున్న ఆ స్త్రీ తన ఇంటి భాషతో పాటు తెలుగులోనూ, ఆదివాసీ ఒడియాలోనూ బేరం ఆడుతుంది. ఏ షావుకారు తూకంలో ఎంత కొడతాడో ఆమెకు తెలుసు. పోయిన ఏడు పిప్పళ్లు ఏ ధర పలికాయో, ఈ ఏడు ఎందుకు పడిపోయిందో చెప్పగలదు. ఆమెను అమాయకురాలు అనాలనుకునే వ్యక్తి సంతలో ఇంకొకడున్నాడు. అతడు తూకం వేసే షావుకారు. ఫోటో కింద రాసే మెచ్చుకోలూ, షావుకారి నమ్మకమూ ఒకే మాట దగ్గర కలుస్తున్నాయి. ఇక ఆ నవ్వు సంగతి. మంచి కోణం కోసం బురదలో మోకాళ్ల మీద కూర్చున్న మనిషిని చూసి ఆమె నవ్విందేమో అని ఎవరికీ అనుమానం రాదు.

‘ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, సహజత్వం పోతుంది’ అని ఫోటో తీసేవారు అంటారు. ఇది నిజమే. కానీ ముందు అడగకపోతే తర్వాత అడగవచ్చు కదా. తీసిన ఫోటో ఆమెకు చూపించి, పేరు అడిగి, ఎక్కడ పెడతారో చెప్పి, వద్దంటే తుడిచేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల్లో సహజత్వానికి వచ్చే నష్టమేమీ లేదు. అప్పటికే ఫోటో తీయడం అయిపోయింది కదా.

ఈ పని చేసి చూపినవారు మన తెలుగు నేలలోనే ఉన్నారు. 2022లో మరణించిన గుడిమల్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లె స్త్రీలను, ఇళ్లను, బతుకమ్మను ఏళ్ల తరబడి తీశారు. కందుకూరి రమేష్ బాబు సామాన్యుల గురించి రాయడానికీ, ఫోటోలు తీయడానికీ ‘సామాన్యశాస్త్రం’ అని పేరు పెట్టుకున్నారు. సామాన్యుడి జీవితం ఒక శాస్త్రమంత అధ్యయనం అడుగుతుందన్న అర్థం మాకు ఆ పేరులోనే వినిపిస్తుంది. పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ‘పరి’లో ఫోటోల కింద సాధారణంగా మనిషి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అదే వ్యాసం తెలుగులోనూ వస్తుంది గనుక ఫోటోలో ఉన్నవారి పిల్లలు చదువుకోగలరు. ఆ ‘పరి’ ఫోటోగ్రాఫరే అయిన పళని కుమార్ తమిళనాడులో పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకూ, మత్స్యకారుల పిల్లలకూ కెమెరా పట్టడం నేర్పుతున్నారు. ఈ చివరి ఉదాహరణ మనకు అన్నిటికంటే ముఖ్యం. దాని సంగతి కింద చెబుతాం.

డోలీ ఫోటో

అడగడానికి వీలే లేని సమయాలు కూడా ఉంటాయి. వానాకాలం వస్తే పత్రికల్లో డోలీ ఫోటో వస్తుంది. దుంగకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా మోస్తూ వాగు దాటుతుంటారు. ఈ ఫోటోలు ఇప్పుడు ఎక్కువగా తీస్తున్నది ఆ ఊరి యువకులే. వాటి వల్ల అధికారులు కదిలిన సందర్భాలున్నాయి. ఫోటో లేకపోతే ఆ ఊరికి దారి లేదన్న సంగతి బయటివారికి తెలిసేది కాదు. కాబట్టి డోలీ ఫోటో తీయవద్దని మేము అనలేం.

అయితే డోలీలో ఉన్నది నొప్పులు పడుతున్న ఒక స్త్రీ. ఆమె చీర తొలగి ఉండవచ్చు. ముఖం బాధతో వంకర పోయి ఉండవచ్చు. ఆమె బతికి బయటపడి, బిడ్డ పెరిగి పెద్దయ్యాక కూడా ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ తీసేవాడు ఏం చూపించాలో తేల్చుకోవాలి. రోడ్డు లేదన్న సాక్ష్యం ఆమె ముఖంలో లేదు. అది మోకాటి లోతు వాగులో ఉంది, మోసేవాళ్ల భుజాల మీద ఉంది, కనుచూపు మేర సాగిన కాలిబాటలో ఉంది. వాటిని తీయండి. ఊరి పేరు, పంచాయతీ, మండలం, తేదీ, ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లు, రోడ్డు కోసం ఇచ్చిన అర్జీ ఎప్పటిది అన్నవి రాయండి. ఆమె ముఖాన్ని మాత్రం దుప్పటి చాటునే ఉంచండి. ఆమె పేరు బయటపెట్టవద్దు, ఊరి పేరు దాచవద్దు. పేరుండాలని ఇంతసేపు వాదించిన మేమే ఈ మాట చెబుతున్నాం. పేరు ఆమె గౌరవం కోసం ఉండాలి. గౌరవానికి అడ్డు వచ్చిన చోట పేరు కూడా ఆమెదే గనుక ఆమె దగ్గరే ఉండాలి.

చేతిలో ఫోన్ మనదైనప్పుడు

ఇక మన ఇంటి సంగతి మాట్లాడుకోవాలి. బయటివారి చూపును విమర్శించడం సులువు. ఆ చూపు ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకి వచ్చింది. ఇప్పసారా తాగి తూలుతున్న తాతను రీల్ చేసి, వెనక సినిమా పాట పెడుతున్నారు. తెలుగు సరిగా పలకలేని అవ్వ చేత కష్టమైన మాటలు పలికించి, నవ్వు బొమ్మలు చేర్చి పంచుతున్నారు. చదువుకున్న కొడుకు ఇంటి నుంచే మాట్లాడుతున్నాడు గానీ, చూస్తున్నది పట్నం కళ్లతో. లైకులు వచ్చేది కూడా అక్కడి నుంచే.

కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఉంటుంది. తెల్ల చీరలు కట్టి, ముఖం కనపడకుండా ముసుగు వేసుకుని వస్తారు. ముసుగు వేసుకున్నది ఎవరికీ కనపడకూడదనే. ఆ ముసుగు లోపలికి ఫోన్ దూర్చాలని చూసేవాడు బయటివాడైనా, మన కుర్రాడైనా తప్పు ఒకటే. దండారి రోజుల్లో గుస్సాడీ కట్టినవాడు మామూలు మనిషి కాదని మన నమ్మకం. ఆ టోపీ మీద నెమలి ఈకలే చూసి, వేదిక మీద నాయకులకు స్వాగతం చెప్పడానికి గుస్సాడీలను వరుసగా నిలబెట్టి తీసిన ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఎవరికీ పేరు లేదు. మార్లవాయికి చెందిన కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక గానీ, ఆ ఈకల కింద ఒక గురువు ఉన్నాడనీ, ఆ నాట్యానికి నేర్చుకోవాల్సిన పద్ధతి ఉందనీ చాలామందికి తెలియలేదు. పేరు వచ్చాక మాట మారింది. ‘గుస్సాడీ భలే ఉంది’ అన్నవారు ‘ఎవరి దగ్గర నేర్చుకున్నారు’ అని అడిగారు.

పెద్దలు ఫోటో చూసే తీరు

ఫోటో మీద ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికి మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. పాత ఫోటో ఒకటి తెచ్చి గూడెంలో పెద్దవాళ్ల చేతికిస్తే ఏం జరుగుతుందో చూడండి. ‘ఎంత బాగుంది’ అని వాళ్లు మొదలుపెట్టరు. ఎవరి బిడ్డ, ఏ ఇంటిపేరు, ఎవరికి మేనత్త, ఏ ఊరికి కోడలుగా పోయింది అని మొదలుపెడతారు. గోండులైతే ఏ సగ, నాలుగు దేవతల వాళ్లా, ఏడు దేవతల వాళ్లా అని వెతుకుతారు. మెడలో గొలుసు చూసి ఏ కాలపుదో చెబుతారు. వెనకున్న చెట్టు చూసి ఆ పోడు ఎవరిదో, అది ఎప్పుడు పోయిందో చెబుతారు. వరుస తెలిశాక ఆ ఫోటోలో ఉన్నది ‘గిరిజన మహిళ’ కాదు. ఒకరికి అత్త, ఒకరికి వదిన, ఒకరికి అవ్వ.

ఇది మంచి విమర్శ పద్ధతి అని మేము నమ్ముతున్నాం. ఇందులో చూసేవాడు ఫోటోకు బయట నిలబడడు. తనకూ ఆ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటో తేల్చుకున్నాకే నోరు విప్పుతాడు. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వరుస కలిసిన ఫోటో చూసినప్పుడు ‘మనం’ అంటాం. సంబంధం లేని ఫోటో చూసినప్పుడు ‘వాళ్లు’ అంటాం. మనల్ని ఇన్నాళ్లూ లోకం ‘వాళ్లు’ అనే చూసింది. మన ఫోన్‌తో మనమే మనల్ని ‘వాళ్లు’గా చూపించడం ఆపాలి.

బడిలో, గ్రామసభలో

ఉపాధ్యాయులకు మేము ఒక పని సూచిస్తున్నాం. ఆశ్రమ పాఠశాలలో ఏడెనిమిది తరగతుల పిల్లలకు, సెలవులకు ఇంటికి పోయేటప్పుడు, ఒక్క ఫోటో తెమ్మని చెప్పండి. ఇంట్లో పనిలో ఉన్న పెద్దవాళ్ల ఫోటో అయితే చాలు. ఫోటో కింద వాళ్ల పేరు, ఊరు, చేస్తున్న పని, ఆ పనికి ఇంటి భాషలో ఉన్న మాట, తేదీ రాయమనండి. తీసినది వాళ్లకు చూపించారా, వాళ్లేమన్నారు అన్నది కూడా ఒక వాక్యంలో రాయమనండి. తర్వాత తరగతిలో ఆ ఫోటోల మీద మాట్లాడించండి. ‘బాగుంది’, ‘అందంగా ఉంది’ అనే రెండు మాటలు వాడకూడదని ఒక నియమం పెట్టండి. అప్పుడు పిల్లలు చేతుల వైపు, పనిముట్ల వైపు, గోడ వైపు చూడటం మొదలుపెడతారు. రోకలిని, చేటను, విసుర్రాయిని కోయలోనో, కువిలోనో, సవరలోనో ఏమంటారో బయటికి వస్తుంది. భాష పాఠం, సాంఘిక శాస్త్రం పాఠం రెండూ అక్కడే ఉన్నాయి.

చట్టం సంగతి యువకులు తెలుసుకుని ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు మామూలుగా తీసినవారిదే, అందులో ఉన్నవారిది కాదు. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. స్త్రీ స్నానం చేస్తుండగా చాటుగా ఫోటో తీయడం, దాన్ని పంచడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. స్నానాల గది లేని ఊళ్లలో వాగు గట్టే స్నానాల గది. వాగు గట్టున కెమెరా తీసేవారికి ఈ సంగతి గట్టిగా చెప్పాలి. 1996 నాటి పెసా చట్టం మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. జాతరలో ఎక్కడి వరకు ఫోటోలు తీయవచ్చు, దేవర గుడి లోపల తీయవచ్చా, తీసినవారు ఊరికి ఒక ప్రతి ఇవ్వాలా అన్నవి గ్రామసభలో కూర్చుని చర్చించి తీర్మానం రాసుకోవచ్చు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే ఊళ్లు ఈ పని వెంటనే చేయాలి.

చివరిగా, పళని కుమార్ చేస్తున్న పని మన దగ్గర కూడా జరగాలి. మన పిల్లలకు కెమెరా నేర్పేవారు రావాలి. వచ్చేలోపు ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టవచ్చు. ప్రతి గూడెంలో ఒక యువకుడో, యువతో ఒక పుస్తకం పెట్టుకుని ఊరి ఫోటోలకు పేర్లు రాసి ఉంచితే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఊరి చరిత్ర కోసం లండన్ భాండాగారంలో వెతకాల్సిన అవసరం ఉండదు. ఇప్పటికే ఇళ్లలో ఉన్న పాత ఫోటోలతో ఈ పని ముందు మొదలవ్వాలి. వాటిలోని ముఖాలను గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.